ఊఁ కొట్టే చేయి

చిరంజీవులకు ఆశీస్సులు.

మీలో చిన్నది మొన్న ఫోనులో అడిగింది: "తాతయ్యా, కీబోర్డు మీద స్టైల్ పెట్టి వాయిస్తుంటే డ్రమ్ములే వినబడుతున్నాయి, వాల్యూం ఎంత పెంచినా నా పాట పైకి రావడం లేదు, ఎందుకు?" ఈ ఉత్తరం ఆ ప్రశ్న కోసమే.

కథ చెప్పేవారికి ఎదురుగా ఊఁ కొట్టేవారు ఒకరు ఉండాలని మీకు తెలుసు. మీ కుడి చేయి కథ చెబుతుంది. ఎడమ చేయి పట్టిన కార్డ్‌ను, అంటే కలిపి నొక్కిన స్వరాల గుంపును బట్టి, కీబోర్డు తనంతట వాయించే డ్రమ్ములూ, బేసూ, గిటారూ కలిసి ఊఁ కొడతాయి. ఆ తోడు వాయింపునే స్టైల్ అంటారు. స్ప్లిట్ పాయింట్‌కు, అంటే కీబోర్డును రెండు చేతులకూ విడదీసే మెట్టుకు, ఎడమవైపున్న మెట్లన్నీ ఈ పనికే కేటాయించినవి. అక్కడ సి, ఇ, జి కలిపి నొక్కితే సి మేజర్ వస్తుంది. చాలా యమహా కీబోర్డులలో సి ఒక్కటి నొక్కినా అదే పలుకుతుంది, దానికి ఎడమన ఉన్న దగ్గరి నల్ల మెట్టును కూడా కలిపితే మైనర్ అవుతుంది. కార్డ్ ఆలస్యంగా మార్చారంటే, రాకుమారుడు అడవి దాటి కోట చేరాక కూడా ఊఁ కొట్టేవాడు అడవిలోనే ఉండిపోయినట్టు. మధ్యలో డ్రమ్ముల చిన్న వరస వేసే ఫిల్-ఇన్ బటన్ నొక్కడం "ఊఁ, ఆ తర్వాత?" అని ముందుకు జరిగి కూర్చోవడం. స్టైల్‌ను ముగించే ఎండింగ్ బటన్ నొక్కితే కథ కంచికి చేరినట్టే.

ఇప్పుడు మీ చిక్కు చూడండి. పెద్ద వాల్యూం మీట తిప్పితే కథ చెప్పేవారి గొంతూ, ఊఁ కొట్టేవాడి గొంతూ కలిసే పెరుగుతాయి గనుక వారిద్దరి మధ్య తేడా ఎప్పటిలాగే ఉండిపోతుంది. తగ్గించవలసింది స్టైల్ వాల్యూం. అది వేరే చోట ఉంటుంది. చాలా కీబోర్డులలో సున్నా నుంచి 127 వరకు అంకెలలో కనబడుతుంది. పెద్ద మీటను చివరిదాకా తిప్పితే చిన్న స్పీకర్లు జీరబోతాయి కూడా.

నా చిన్నతనంలో మా ఇంట్లో హార్మోనియం ఉండేది. ఎడమ చేత్తో తిత్తి కొడుతూ కుడి చేత్తో వాయించాలి. మా అక్క పాడుతుంటే నేను ఉత్సాహం కొద్దీ తిత్తి గట్టిగా ఊదేవాడిని. అమ్మ ఏమీ అనకుండా వచ్చి నా ఎడమ చేతి మీద తన చేయి ఆనించి, ఆ బరువుతోనే వేగం తగ్గించింది. అప్పుడు మొదటిసారి అక్క పాటలో ఒక గమకం వినబడింది. అది రోజూ ఆమె పలుకుతున్నదే. ఇతరుల గొంతుకు చోటివ్వడం సంగీతంలో సగం విద్య అని నేను నమ్ముతాను.

కాబట్టి స్టైల్ వాల్యూంను సున్నాకు దించి, కుడి చేత్తో పాట మాత్రం వాయించండి. తరువాత ఐదేసి అంకెల చొప్పున పెంచుతూ పోయి, పాటలోని సన్నని స్వరం ఒక్కటి మసకబారగానే ఆగి, ఒక అడుగు వెనక్కి రండి. ఫ్లూట్‌కు కుదిరిన అంకె ట్రంపెట్‌కు కుదరదు, అందువల్ల వాద్యం మార్చినప్పుడల్లా మళ్ళీ చూసుకోవాలి. పాట మరీ కింది స్థాయిలో ఉండి బేస్‌లో కలిసిపోతుంటే ఒక ఆక్టేవ్, అంటే ఒక స్థాయి, పైకి జరిపి చూడండి.

వాయించేవారికి తమ వేళ్ళ కదలిక తెలుసు కనుక లేని పాట కూడా ఉన్నట్టే తోస్తుంది. అందుకని పెద్దవాడు వాయిస్తుండగా చిన్నది పక్కగదిలో తలుపు చాటున నిలబడి వినాలి. అక్కడికి పాట ఏ అంకె దగ్గర స్పష్టంగా చేరిందో నాకు రాయండి.

ప్రేమతో,
తాతయ్య