ఉగాదికి రావాల్సిన బిడ్డ సంక్రాంతికే వస్తే

ఏడో నెల పిల్ల బతుకుతుంది గానీ ఎనిమిదో నెల పిల్ల బతకదనే మాట మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. హనుమకొండలో డిగ్రీలు చదివినవాళ్లు కూడా నమ్మకంగా చెప్తారు. ఇది మన ముసలమ్మల మాట అనుకుంటాం గానీ, రెండు వేల ఏళ్లకు పైబడిన గ్రీకు వైద్య గ్రంథాల్లో, హిప్పోక్రటీస్ పేరు మీద ఉన్నవాటిలో, అచ్చం ఇదే ఉంది. అక్కడా తప్పే, ఇక్కడా తప్పే. నెలలు నిండేదాకా కడుపులో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు లాభమే. అందుకే ఎనిమిదో నెల బిడ్డకు ఏడో నెల బిడ్డ కన్నా బతికే అవకాశాలు ఎక్కువ.

37 వారాలు నిండకముందే పుడితే నెలలు నిండని బిడ్డ కింద లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇలా పుట్టినవాళ్లు 1.34 కోట్ల మంది. అందులో దాదాపు 30 లక్షలు మన దేశానివే. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు నుంచి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి వచ్చిన కిలోంబావు బిడ్డ కొన్ని వారాలు బాక్సులో, అంటే ఇంక్యుబేటర్‌లో, ఉండి ఇంటికి పోవడం ఇప్పుడు వింతేమీ కాదు. బతికి బయటపడ్డాక అసలు టెన్షన్ మొదలవుతుంది. నడుస్తదా? మాటలొస్తయా? బడికి పోతదా?

ఆ టెన్షన్‌కు కారణం మెదడు పెరిగే వేళలో ఉంది. 28 వారాలకు మెదడు ఉపరితలం చాలావరకు నున్నగా ఉంటుంది. మనకు తెలిసిన ముడతల్లో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే పడతాయి. 34 వారాల మెదడు బరువు, నెలలు నిండిన బిడ్డ మెదడు బరువులో మూడింట రెండు వంతులే. కడుపులో చీకట్లో జరగాల్సిన ఆ పెరుగుదల అంతా ఇప్పుడు ట్యూబ్‌లైట్ల కింద, మానిటర్ల బీప్ బీప్‌ల మధ్య, సూదిపోట్ల మధ్య జరగాలి.

దెబ్బ తగలడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. మెదడు మధ్యలో ద్రవంతో నిండిన గదులుంటాయి. వాటి పక్కనే, కొత్త కణాలు పుట్టే చోట, పల్చటి రక్తనాళాల అల్లిక ఒకటి ఉంటుంది. 32-34 వారాలకల్లా అది దానంతటదే మాయమవుతుంది. అంతకన్నా ముందే పుట్టిన బిడ్డలో రక్తపోటు ఎగుడుదిగుడైతే ఆ నాళాలు చిట్లుతాయి. ఇది ఎక్కువగా మొదటి 72 గంటల్లోనే జరుగుతుంది. నడినెత్తి మీద మెత్తగా ఉండే మాడు మీద ప్రోబ్ పెట్టి డాక్టర్లు చేసే స్కాన్ దీనికోసమే. రెండోది చప్పుడు లేకుండా జరిగేది. నరాల తీగలకు కొవ్వు తొడుగు వేయాల్సిన కణాలు ఈ వయసులో ఇంకా పచ్చివి. ఆక్సిజన్ తగ్గినా, ఇన్ఫెక్షన్ సోకినా ముందు చచ్చేవి అవే.

ఇక్కడ శరీర నిర్మాణం ఒక చిత్రం చేస్తుంది. కాళ్లకు ఆజ్ఞలు మోసే తీగలు ఆ గదులకు బాగా దగ్గరగా పోతాయి. చేతులవి కొంచెం దూరంగా, ముఖానివి ఇంకా దూరంగా పోతాయి. అందుకే నెలలు నిండని పిల్లల్లో సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు సరిగా లేకపోవడం, వస్తే చాలాసార్లు కాళ్లు బిగుసుకుంటాయి, చేతులు బాగానే పనిచేస్తాయి, తెలివికి లోటుండకపోవచ్చు. లండన్‌లో ఎముకల సర్జన్ విలియం జాన్ లిటిల్ 1861లోనే ముందస్తు పుట్టుకకూ ఈ బిగుతుకూ సంబంధం ఉందని చెప్పాడు. అప్పటికి స్కాన్లు లేవు, పిల్లల కాళ్లను చూసే పోల్చుకున్నాడు.

ఎంతమందికి వస్తుంది? చాలా అధ్యయనాలను కలిపి 2008లో వేసిన లెక్క ఒకటుంది. 22-27 వారాల మధ్య పుట్టినవాళ్లలో నూటికి 14-15 మంది, 28-31 వారాలవాళ్లలో ఆరుగురు, 32-36 వారాలవాళ్లలో ఒక్కరు కూడా కాదు. అంటే ఏడో నెలలో పుట్టిన పిల్లల్లో కూడా నూటికి తొంభై మందికి పైగా ఈ జబ్బు రాదు. ఈ మాట తల్లికి డిశ్చార్జ్ రోజే ఎవరన్నా కూర్చోబెట్టి చెప్తే ఎంత బాగుండు!

ఇక వయసు లెక్కకొద్దాం. ఉగాదికి పుట్టాల్సిన పాప సంక్రాంతికే పుట్టిందనుకోండి. రెండున్నర నెలలు ముందు. బతుకమ్మ పండుగకు పుట్టింటికి తీసుకుపోతే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న, "ఎనిమిదిన్నర నెలలొచ్చినయ్, ఇంకా కూసుంటలేదా?" పుట్టిన తేదీ నుంచి లెక్కేస్తే వాళ్ల మాట నిజమే. కానీ పాప మెదడు ఉగాది నుంచి లెక్కేసుకుంటుంది. ఆ లెక్కన ఆమెకు ఆరు నెలలే, ఆరు నెలల పిల్ల కూర్చోకపోవడం మామూలే. తల్లీబిడ్డల కార్డు మీద డాక్టరు రాసిన, కాన్పు కావాల్సిన తేదీ చూసి, అప్పటినుంచి లెక్కేసేదే సరిచేసిన వయసు. రెండేళ్లు వచ్చేదాకా మెడ నిలపడం, బోర్లా పడటం, నడక, మాట అన్నీ దీని ప్రకారమే చూడాలి. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే.

ఈ లెక్క తెలిశాక కొందరు ఇంకో తప్పులో పడతారు. "ఏడో నెల పిల్లగాడు గదా, లేటైతది" అని ప్రతిదానికీ అదే సమాధానం. సరిచేసిన వయసులో కూడా వెనకబడితే అది నెలల లెక్క కాదు, చూపించాల్సిన విషయం. నాకైతే అనవసరంగా భయపడ్డ తల్లి కన్నా, ధైర్యం చెప్పి ఏడాది పోగొట్టే చుట్టాల వల్లే ఎక్కువ నష్టం అనిపిస్తుంది.

ఇంకా చిక్కేమిటంటే, కొన్ని జబ్బు గుర్తులు ఇంట్లో మురిసిపోయేలా ఉంటాయి. ఐదో నెల బాబును చంకల కింద పట్టి ఒడిలో నిలబెడితే కాళ్లు కర్రల్లా చాచి, మునివేళ్ల మీద నిటారుగా నిలబడతాడు. "అప్పుడే నిలవడుతుండు సూడు, ఎంత బలమో" అని తాత సంబరం. అది బలం కాకపోవచ్చు, కండరాల బిగుతు కావచ్చు. అదే బాబుకు డైపర్ మార్చేటప్పుడు తొడలు విడదీయడానికి రావడం లేదా? ఎత్తగానే కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయా? నాలుగు నెలలు దాటినా గుప్పిళ్లు ఎప్పుడూ మూసే ఉంటున్నాయా? ఏడాది నిండకముందే అన్నీ కుడి చేత్తోనే అందుకుంటుంటే "ఇప్పటినుంచే కుడిచేతి వాటం" అని సంతోషపడతారు. ఆ వయసులో పిల్లలకు వాటం ఉండదు. ఒక చేత్తోనే ఆడుతున్నారంటే రెండో చేతి సంగతి చూడాలి. తొమ్మిది నెలలకు, సరిచేసిన వయసులోనే, సొంతంగా కూర్చోకపోయినా అంతే.

నిజానికి అంతదాకా ఆగక్కర్లేదు. హైంజ్ ప్రెక్టెల్ అనే ఆస్ట్రియా నాడీ శాస్త్రవేత్త పసిపిల్లలు ఊరికే పడుకుని ఉన్నప్పటి కదలికలను ఏళ్ల తరబడి వీడియోల్లో చూశాడు. సరిచేసిన వయసు మూడు నెలలప్పుడు ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మెడ, నడుము, మణికట్లు, మడమలు అన్నివైపులకూ చిన్నచిన్నగా, ఆగకుండా కదులుతుంటాయి. ఏడుపు కాదు, ఆట కాదు, కుదురు లేనట్టుండే సన్నటి కదలిక. 1997లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఆయన బృందం అధ్యయనంలో 130 మంది పిల్లలున్నారు. ఈ కదలికలు సవ్యంగా ఉన్నవాళ్లలో 96 శాతం మంది తర్వాత మామూలుగా ఎదిగారు. లేనివాళ్లలో, తేడాగా ఉన్నవాళ్లలో 95 శాతం మందికి నాడీ సమస్యలు తేలాయి. ఖరీదైన యంత్రం లేకుండా, కళ్లతో చూసి చెప్పే పరీక్ష ఇది.

దీనికి కావాల్సింది ఫోన్. పాలు తాగి, మెలకువగా, హుషారుగా ఉన్నప్పుడు చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. పల్చటి బట్టలు చాలు, చేతులు కాళ్లు కనబడాలి. నోట్లో పీక, చేతిలో గిలక్కాయ ఉండకూడదు, పక్కనుంచి ఎవరూ చిటికెలు వేయకూడదు. మూడు నుంచి ఐదు నిమిషాలు పైనుంచి తీస్తే సరి. చూసి చెప్పాల్సింది మాత్రం అందులో శిక్షణ ఉన్న పిల్లల డాక్టరో ఫిజియోథెరపిస్టో. ఏటూరునాగారం నుంచి వరంగల్ దాదాపు వంద కిలోమీటర్లు. ఒక రోజు కూలి పోగొట్టుకుని, బిడ్డను బస్సులో తెచ్చి, ఆ పూట బిడ్డ ఏడుస్తూనే ఉంటే పరీక్షే కుదరదు. ఇంట్లో తీసిన వీడియో అక్కడ నిజంగా పనికొస్తుంది.

తేడా ఉందని తేలితే ఏం చేస్తారని అడుగుతారు. పోయిన కణాలు తిరిగి రావు. కానీ మొదటి రెండేళ్లలో మెదడు దారులు ఇంకా ఖాయం కాలేదు, వాడిన దారి నిలుస్తుంది, వాడనిది ఎండిపోతుంది. కాబట్టి బిడ్డ తనంతట తాను కదలాలి. మెలకువలో బోర్లా పడుకోబెట్టి ఎదురుగా అమ్మ ముఖం పెడితే తల ఎత్తే ప్రయత్నం చేస్తుంది. బలహీనమైన చేతి వైపే బొమ్మ పెడితే ఆ చెయ్యి చాస్తుంది. నూనె రాసి మెల్లగా మర్దన చేస్తే బరువు పెరుగుతారు, మంచిదే, కానీ మర్దన ఒక్కటే బిడ్డకు కదలిక నేర్పదు. కాళ్ల మీద పడుకోబెట్టి వేడినీళ్లు కుమ్మరించి, ఆపైన సాంబ్రాణి పొగ పట్టడం ఆ చిన్ని ఊపిరితిత్తులకు అసలు వద్దు. సంతలో కొనే నడక బండీ వద్దు, అది నడక నేర్పదు సరికదా మునివేళ్ల మీద తోసే అలవాటు చేస్తుంది.

ఆసుపత్రిలో ఉండగానే చేయగలిగిందీ ఉంది. నెలలు నిండకముందే నొప్పులొస్తే తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బిడ్డ ఊపిరితిత్తుల సమస్యలతో పాటు మెదడులో రక్తస్రావాన్నీ తగ్గిస్తుంది, మెగ్నీషియం సల్ఫేట్ సెరిబ్రల్ పాల్సీ వచ్చే ముప్పును తగ్గిస్తుంది. పుట్టాక తల్లి గుండెకు ఆన్చుకునే కంగారూ పద్ధతిని 1978లో కొలంబియాలోని బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గర్ రే అనే డాక్టరు మొదలుపెట్టాడు. దాన్ని పుట్టిన వెంటనే మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని మన దేశం కూడా పాల్గొన్న ఒక పెద్ద పరీక్షలో 2021లో తేలింది. నాన్న, నాయనమ్మ కూడా చేయొచ్చు.

కంటి పరీక్ష మాత్రం వాయిదా వేయకూడదు. 34 వారాలలోపు గానీ, రెండు కిలోల లోపు గానీ పుట్టిన బిడ్డకు నెలలోపే రెటీనా (కంటి వెనక పొర) పరీక్ష చేయించాలి. మరీ చిన్నవాళ్లకు రెండు మూడు వారాలకే. వినికిడి పరీక్ష కూడా మొదటి నెలల్లోనే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో ఇవన్నీ ఉచితం. ఆశా కార్యకర్తను అడిగితే దారి చెప్తుంది.

నడక వచ్చేసిందంటే అంతా అయిపోయిందని ఫైలు మూసేస్తారు. ఆరేళ్లకు కొందరిలో వేరే రకంగా బయటపడుతుంది. గుండీలు పెట్టుకోవడం రాదు, కాపీ రాసేసరికి బెల్లు కొడుతుంది, లెక్కల్లో వెనకబడతారు, ఒకచోట కూర్చోరు. టీచరు బద్ధకం అంటుంది, ఇంట్లో మొండితనం అంటారు. ఆ పిల్ల 29 వారాలకు పుట్టిందని బడిలో ఎవరికీ తెలియదు. బీరువాలో ఆధార్ జిరాక్సుల కింద పాలిథిన్ కవర్లో ఉన్న పాత డిశ్చార్జ్ కాగితంలో పుట్టిన వారాలు, బరువు, తల స్కాన్ రిపోర్టు ఉంటాయి. ఆరేళ్ల పిల్లను చూపించడానికి పోయినప్పుడు కూడా దాన్ని వెంట తీసుకుపోండి, డాక్టరు అడగకపోయినా చూపించండి.