పగటికలలకు తోసేది పాటా, లోపలి వెలితా?

ఒకే పాటను మళ్లీ మళ్లీ వింటూ, గదిలో అటూ ఇటూ తిరుగుతూ గంటల తరబడి మనసులో ఒక కథ నడిపించేవాళ్లున్నారు. ఆ కథలో పాత్రలుంటాయి, వాళ్ల మధ్య మాటలుంటాయి, ఒక్కోసారి అది ఏళ్ల తరబడి సాగుతుంది. చదువూ ఉద్యోగం నిద్రా పాడవుతున్నాయని తెలిసినా ఆపలేరు. ఇలా అదుపు తప్పిన పగటికలలనే మాలడాప్టివ్ డేడ్రీమింగ్ అంటారు. బయటివాళ్లు దీన్ని బద్ధకమని తేల్చేస్తారు, అది చాలా అన్యాయం.

ఈ చిన్నచూపు పాతదే. సంతోషంగా ఉన్నవాడు ఊహల్లోకి వెళ్లడనీ, కోరికలు తీరనివాడే వెళ్తాడనీ మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1908లో అచ్చయిన వ్యాసంలో రాశాడు. దాంతో పగటికల అంటే లోపానికి గుర్తు అన్నట్టయింది. ఈ అభిప్రాయాన్ని గట్టిగా కదిపింది అమెరికన్ సైకాలజిస్ట్ జెరోమ్ సింగర్. పగటికలలు అందరికీ వస్తాయని చెప్పి, వాటిలో మూడు రకాలు చూపించాడు: హాయిగా ఉండి పనికొచ్చేవి, అపరాధభావంతో భయంతో నిండినవి, అసలు దేనిమీదా ధ్యాస నిలవనివ్వనివి.

మరి కొందరిలో ఇది ఎందుకు అంతగా పెరుగుతుంది? నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించే జవాబు 1980ల మొదట్లో విల్సన్, బార్బర్ అనే సైకాలజిస్టులు చేసిన పనిలో ఉంది. తేలిగ్గా హిప్నోటైజ్ అయ్యే 27 మంది ఆడవాళ్లతో మాట్లాడితే, దాదాపు అందరూ చిన్నప్పటి నుంచీ ఊహాలోకంలో బతుకుతున్నవాళ్లే. కొందరికి కథలు చదివి వినిపించి, బొమ్మలకు ప్రాణముందన్నట్టు మాట్లాడి ప్రోత్సహించిన పెద్దవాళ్లున్నారు, కొందరికి తోడెవరూ లేరు, కొందరికి తప్పించుకోవాల్సిన పరిస్థితులున్నాయి, ఇంకొందరు పసితనం నుంచే పియానో, నృత్యం, నాటకం లాంటి వాటిలో మునిగి పెరిగారు. అంటే బాధ ఒక్కటే కారణం కాదు, ప్రేమగా చెప్పిన కథ కూడా ఆ తలుపు తీయగలదు.

ఈ సమస్యను విడిగా గుర్తించి ఆ పేరు పెట్టింది మాత్రం ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయానికి చెందిన సైకాలజిస్ట్ ఎలీ సోమర్, 2002లో. ఆయన చూసింది ఆరుగురు పేషెంట్లనే, వాళ్లు మానసిక గాయాలకు చికిత్స కోసం వచ్చినవాళ్లు. అందుకే మొదట్లో ఇది గాయం నుంచి పారిపోవడంగానే కనిపించింది. 2011లో బిగెల్సెన్, షుపాక్ అనే పరిశోధకులు, పగటికలలు అతిగా వస్తాయని చెప్పుకున్న 90 మందిని అడిగినప్పుడు ఎక్కువమంది అలాంటి గతమేదీ చెప్పలేదు. కానీ 79 శాతం మంది ఊహల్లో ఉన్నప్పుడు నడవడమో ఊగడమో, ఏదో ఒక కదలికను పదేపదే చేస్తామన్నారు. తర్వాత 2016లో దీని తీవ్రతను కొలవడానికి 14 ప్రశ్నలతో ఒక స్కేల్ వచ్చింది, సంగీతం పాత్ర ఎంత పెద్దదో గమనించి దాని మీద ప్రశ్నలు చేర్చాక అవి 16 అయ్యాయి.

పాట, సినిమా, నడక, బోర్ కొట్టడం, టెన్షన్... ఇవన్నీ నిప్పురవ్వలే. కింద ఎండుగడ్డి ఏమిటో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది: ఒంటరితనం, ఆందోళన, ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు పదేపదే వచ్చే సమస్య). 2017లో ఈ సమస్య ఉన్న 39 మందిని పరీక్షిస్తే 77 శాతం మందికి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని, కుదురుండని సమస్య) కూడా ఉన్నట్టు తేలింది. కాబట్టి పాటలు మానెయ్, కుదురుగా కూర్చో అని చెప్పి వదిలేస్తే సరిపోదు.

మానసిక సమస్యలను గుర్తించడానికి అమెరికా సైకియాట్రిస్టులు వాడే పుస్తకం డీఎస్ఎమ్, 2022లో సవరించిన దానిలోనూ దీనికి చోటు దక్కలేదు. దాంతో డాక్టర్ దగ్గరికి వెళ్లినా డిప్రెషన్ గురించి అడుగుతారు, నిద్ర గురించి అడుగుతారు, రోజులో ఎన్ని గంటలు ఊహల్లో గడుస్తున్నాయని మాత్రం ఎవరూ అడగకపోవచ్చు. అడిగేదాకా ఆగకుండా ఆ మాట మనమే ముందు చెప్పాలి, ఏ పాటతో మొదలవుతుందో, ఏ పరిస్థితిలో ఎక్కువవుతుందో కూడా కలిపి.