షూటో పిల్లల తండ్రి ఎవరు?

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య దీవెనలు. అమెరికా సెయింట్ లూయిస్‌లో ఉన్నవాళ్లు ఇది చదివి కాకినాడలో ఉన్నవాళ్లకి పంపించండి. వాళ్లకి సంబంధించిన ముక్క కూడా మధ్యలో ఒకటుంది.

సెయింట్ లూయిస్ పిల్లలూ, మీ ఊళ్లో షూటో అవెన్యూ అని పెద్ద రోడ్డుంది కదా, దాన్ని అక్కడ అందరూ 'షోటో' అంటారు. మీ ఊరు మొదలైనప్పటి ఆ షూటో కుటుంబం వంశవృక్షం గీసుకురమ్మని మీ టీచర్ చెప్పారట. ఒక పుస్తకంలో ఆ ఇంటి పిల్లల తండ్రి రెనే షూటో అని, ఇంకోదాంట్లో పియర్ లాక్లేడ్ అని ఉండేసరికి మీకు టెన్షన్ పట్టుకుందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కంగారు పడకండి. ఆ తికమక మీది కాదు, రెండు వందల అరవై ఏళ్ల క్రితం కావాలనే పెట్టింది. నేను సర్వీసంతా రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజులు తిరగేసినవాణ్ణి కాబట్టి, ఇలాంటి చిక్కుముడి కనిపిస్తే ఊరుకోలేను.

ముందు సంగతేమిటో చెబుతాను. మరీ తెరేజ్ బూర్జ్వా 1733లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టింది. ఫ్రెంచివాళ్లు ఆ ఊరు కట్టి అప్పటికి పదిహేనేళ్లే. 1748లో, అంటే ఆ పిల్లకి కూడా పదిహేనేళ్లప్పుడు, ఫ్రాన్స్ నుంచి వచ్చిన రెనే షూటోకిచ్చి పెళ్లి చేశారు. అతను రొట్టెలు కాల్చి అమ్ముకుంటూ పూటకూళ్ల ఇల్లు నడిపేవాడు. ఓగుస్త్ అనే కొడుకు పుట్టాక, పెళ్లాన్నీ పిల్లాణ్ణీ వదిలేసి ఫ్రాన్స్ వెళ్లిపోయాడు.

1755లో పిరనీస్ కొండల్లోని బెదూ అనే పల్లె నుంచి పియర్ లాక్లేడ్ న్యూ ఆర్లీన్స్‌లో దిగాడు. చదువుకున్నవాడు, వ్యాపారం మీద వచ్చాడు. అతనూ తెరేజ్ కలిసి కాపురం పెట్టారు. 1758లో పియర్, 1760లో పెలజీ, 1762లో మరీ లూయీజ్, 1764లో విక్త్వార్ పుట్టారు. నలుగురికీ చర్చిలో బాప్తిస్మం ఇప్పించి, పుస్తకంలో తండ్రి పేరు 'రెనే షూటో' అని రాయించారు. ఆయన సముద్రం అవతల ఉన్నాడు!

దీన్ని పచ్చి అబద్ధమని కొట్టిపారేయకండి. అప్పటి చట్టం ప్రకారం పెళ్లయిన ఆడదానికి పుట్టిన బిడ్డకి ఆమె భర్తే తండ్రి. విడాకుల మాట కాథలిక్ దేశంలో ఎత్తడానికే లేదు. లాక్లేడ్ పేరు రాయిస్తే ఆ పిల్లలు అక్రమ సంతానం కింద లెక్క. ఆస్తిలో వాటా, పరువు, మంచి సంబంధం, అన్నీ పోతాయి. షూటో అని రాయిస్తే ఏ గొడవా లేదు. చర్చి పుస్తకంలో పాదిరి రాసింది చట్టానికి కావలసిన తండ్రి పేరు.

మరి అసలు తండ్రి లాక్లేడేనని ఎలా తెలిసింది? ఒక పెద్ద కాగితం తీసుకుని అడ్డంగా గీత గీయండి. పైన సంవత్సరాలు, కింద ఒక్కొక్కరూ ఆ ఏడాది ఎక్కడున్నారో రాయండి. రెనే తిరిగి న్యూ ఆర్లీన్స్ వచ్చింది 1767లో. నలుగురు పిల్లలూ అప్పటికే పుట్టేశారు. లాక్లేడేమో 1763 ఆగస్టులో న్యూ ఆర్లీన్స్ నుంచి పడవల మీద మిసిసిపీకి ఎదురెక్కాడు. ఆ చలికాలం ఫోర్ట్ ద షార్త్ర్ అనే కోటలో సరుకు దింపుకుని, ఊరు కట్టడానికి చోటు చూసుకున్నాడు. 1764 ఫిబ్రవరిలో ముప్పై మంది పనివాళ్లని ఇచ్చి ఓగుస్త్‌ని పంపాడు. వాడికి పద్నాలుగేళ్లు నిండాయో లేదో! మీ సెయింట్ లూయిస్ అలా మొదలైంది. ఇప్పుడు ఆర్చ్ ఉన్న చోటే ఆ పాత పల్లె. చంటిబిడ్డ విక్త్వార్‌నీ మిగతా పిల్లల్నీ తీసుకుని తెరేజ్ ఆ ఏడే నది మీద పైకి వచ్చేసింది. మొగుడు లేని మనిషి, నలుగురు పిల్లలతో, లాక్లేడ్ కట్టే ఊరికే వచ్చింది.

నాకు బాగా నచ్చిన కాగితం 1768 నాటిది. లాక్లేడ్ తను కట్టించిన రాతి ఇంటినీ, స్థలాన్నీ ఆ అయిదుగురు పిల్లల పేర రాసి రిజిస్టర్ చేయించాడు. కారణం ఏం చూపించాడో తెలుసా? ఓగుస్త్ తన దగ్గర నమ్మకంగా గుమాస్తాగా పనిచేశాడట, మిగతా నలుగురంటే తనకి అభిమానమట. ఆ దస్తావేజులో కూడా వాళ్లు రెనే షూటో పిల్లలే! నా సర్వీసులో దాన సెటిల్మెంట్లు బోలెడు చూశాను. సంబంధం ఏమీ లేనివాడు ఇల్లంతా ఇచ్చేస్తున్నాడంటే, 'అభిమానం' అన్న మాట దగ్గర రిజిస్ట్రారు కళ్లజోడు సర్దుకుంటాడు. పుట్టుక కాగితంలో దాచిన సంగతి ఆస్తి కాగితంలో ఇలా తొంగిచూస్తుంది. అందుకే వంశం వెతికేటప్పుడు చర్చి పుస్తకాల దగ్గర ఆగిపోకండి, నోటరీ దగ్గర రాయించిన కాగితాలన్నీ చూడండి. పెళ్లికి ముందు రాసుకునే ఒప్పందాలు, చనిపోయాక ఇంట్లో ఉన్న గిన్నె, చెంచాతో సహా రాసే జాబితాలు, వేలం పట్టీలు. ఫ్రెంచివాళ్లు అన్నీ కాగితం మీద పెట్టేవాళ్లు.

1774లో న్యూ ఆర్లీన్స్‌లో ఉన్న స్పెయిన్ గవర్నరు ఉన్జాగా, ఆ ఆడమనిషిని భర్త దగ్గరికి పంపించెయ్యమని సెయింట్ లూయిస్‌కి ఉత్తర్వు పంపాడు. రెనే పెట్టుకున్న అర్జీ అది. సెయింట్ లూయిస్‌లో ఉన్న అధికారి దాన్ని నాన్చాడు, ఆమె కదల్లేదు. 1776లో రెనే పోయాడు. అప్పుడైనా ఇద్దరూ పెళ్లి చేసుకోవచ్చు కదా, చేసుకోలేదు. లాక్లేడ్ అప్పటికి పీకల్దాకా అప్పుల్లో ఉన్నాడు. పెళ్లయితే ఆ అప్పులవాళ్లు ఆమె గుమ్మం ఎక్కుతారని భయపడి ఉంటారని నా అనుమానం. 1778లో అప్పుల పని మీద న్యూ ఆర్లీన్స్ వెళ్లి తిరిగొస్తూ, దారిలో అర్కన్సా నది కలిసే చోట అతను చనిపోయాడు. ఆమె 1814 దాకా బతికింది.

ఇక మీరు స్వయంగా చర్చి పుస్తకాలు చూస్తే ఏం గమనించాలో చెబుతాను. సెయింట్ లూయిస్‌లో చర్చి కట్టక ముందు, 1766లో, ఒక గుడారంలో బాప్తిస్మం ఇచ్చారు. ఆ పుస్తకంలో ఒక్కో పద్దూ ఆరేడు పంక్తులే ఉంటుంది. తేదీ, బిడ్డ పేరు, తండ్రి, తల్లి, చివర పెద్దదిక్కుగా నిలబడ్డ గాడ్‌ఫాదర్, గాడ్‌మదర్, పాదిరి సంతకం. రాయడం రానివాళ్లు ఇంటూ గుర్తు పెడతారు. తల్లి పేరు దగ్గర ఆగండి. ఫ్రెంచి కాగితాల్లో ఆడవాళ్లకి పుట్టింటి పేరే చచ్చేదాకా ఉంటుంది. తెరేజ్ పెళ్లయినా, ముసలిదైనా 'బూర్జ్వా'యే. మన దగ్గర పెళ్లి కాగానే ఇంటిపేరు మారిపోయి, నాలుగు తరాల కిందటి ముత్తవ్వ ఏ ఇంటి ఆడపడుచో చెప్పేవాళ్లు ఉండరు. ఈ విషయంలో మాత్రం ఫ్రెంచివాళ్లు మనకంటే నయం. గాడ్‌ఫాదర్ ఎవరో కూడా రాసుకోండి. చాలాసార్లు మేనమామో, పెదనాన్నో, వ్యాపారంలో భాగస్థుడో అవుతాడు. అక్కణ్ణించి ఇంకో కుటుంబానికి దారి దొరుకుతుంది.

పేర్లతో ఇంకో తిప్పలుంది. కెనడా నుంచీ సైన్యం నుంచీ వచ్చిన చాలామందికి రెండు ఇంటిపేర్లు. మధ్యలో 'డిట్' అని ఉంటుంది, 'అనబడే' అని అర్థం. సెయింట్ లూయిస్‌లో పిండిమర నడిపిన జోసెఫ్ మిషెల్ డిట్ తయాన్‌ని ఒక కాగితం మిషెల్ అంటుంది, ఇంకోటి తయాన్ అంటుంది. ఇద్దరనుకుని రెండు కొమ్మలు గీసేవాళ్లున్నారు. లాక్లేడ్ కూడా తన సంతకం 'లాక్లేడ్ లిగెస్ట్' అని చేసేవాడు. స్పెల్లింగ్ సంగతి చెప్పక్కర్లేదు, రాసేవాడి చెవికి ఎలా వినబడితే అలా. పైగా ఊరు ఒకటే అయినా దొరలు మారుతూ వచ్చారు. ఫ్రెంచివాళ్లు కట్టిన ఊరు స్పెయిన్ కిందికి వెళ్లింది, 1804 మార్చిలో అమెరికాది అయింది. అందుకని ఒకే కుటుంబం కాగితాలు ఫ్రెంచిలో, స్పానిష్‌లో, ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషు రోజులొచ్చాక ఆడవాళ్లు మొగుడి పేరు వెనక కనబడకుండా పోతారు. వెతకడం ఆ తరం నుంచే కష్టం.

కాకినాడ పిల్లలూ, మీ ముక్క ఇదిగో. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో. అందులో ఫ్రెంచి సేనాని బుస్సీ దొర ఉన్నాడని మీకు తెలుసు. అక్కడ న్యూ ఆర్లీన్స్‌లో ఇంకో ఏడాదికి పియర్ షూటో పుట్టాడు. ఫ్రెంచివాళ్లకీ ఇంగ్లీషువాళ్లకీ నడిచిన ఆ పెద్ద యుద్ధం 1763లో పారిస్ సంధితో ముగిసింది. ఆ సంధిలో ఫ్రాన్స్‌కి యానాం, పాండిచ్చేరి తిరిగి వచ్చాయి. మిసిసిపీకి తూర్పు ఒడ్డు మాత్రం, న్యూ ఆర్లీన్స్ తప్ప, ఇంగ్లీషువాళ్ల పాలైంది. ఆ ఒడ్డున ఉన్న ఫ్రెంచి కుటుంబాలు చాలా వరకు ఇంగ్లీషు జెండా కింద ఉండలేక నది దాటి లాక్లేడ్ కొత్త ఊరికి వచ్చేశాయి. యానాం తాతముత్తాతల కాగితాలు వెతికేవాళ్లకీ ఇదే పద్ధతి పనికొస్తుంది. అక్కడా రాసింది ఫ్రెంచి గుమాస్తాలే.

ఇప్పుడు మీ టీచర్ అడగని సంగతి. నేను చెప్పిన 1768 దస్తావేజులో ఇంటితో పాటు మనుషులు కూడా ఉన్నారు. నల్లజాతి బానిసలు, అమెరికా ఆదివాసీ బానిసలు. వాళ్లకి షూటో చెట్టులో కొమ్మ ఉండదు. కానీ అలాగే షూటోల దగ్గర బానిసగా ఉన్న ఒకావిడ తన వంశాన్ని కోర్టులో నిరూపించి గెలిచింది.

ఆమె పేరు మార్గరీట్. తల్లి మరీ జాన్ సిపియోన్, ఇందాక చెప్పిన తయాన్ ఇంట్లో బానిస. ఆ తల్లికి తండ్రి ఆఫ్రికావాడు, అమ్మ నాచెజ్ జాతి ఆదివాసీ స్త్రీ. స్పెయిన్ గవర్నరు ఓరైలీ 1769లో, అప్పట్లో సెయింట్ లూయిస్ కూడా కలిసి ఉన్న లూసియానాలో, ఆదివాసీలను ఇకపై బానిసలుగా చేసుకోకూడదని ఉత్తర్వు వేశాడు. బానిసత్వం తల్లి నుంచి బిడ్డకి వస్తుందని చట్టం. అలాగైతే అమ్మమ్మ ఆదివాసీ అని తేలితే మనవరాలు బానిస కాకూడదు కదా? ఇదే పట్టుకుని మరీ జాన్ కూతుళ్లు 1805లో కోర్టుకెక్కారు. మార్గరీట్‌ని తన దగ్గర ఉంచుకుని కేసు ఎదుర్కొన్నది ఎవరనుకున్నారు? 1758లో పుట్టిన మన పియర్ షూటోయే.

బాప్తిస్మం పుస్తకంలో నాలుగు పంక్తులతో తేలిపోయే సంగతి కోసం ముసలివాళ్లని పిలిచి సాక్ష్యం చెప్పించాల్సి వచ్చింది. వాళ్ల అమ్మమ్మ ఎక్కడిది, ఏ జాతిది అని. ఒకసారి గెలవడం, ఒకసారి ఓడడం, ఇలా ముప్పై ఏళ్లకు పైగా నడిచింది. 1836లో జ్యూరీ మార్గరీట్ పక్షాన తీర్పు చెప్పింది. షూటో పై కోర్టుకి వెళ్లాడు. 1838లో అమెరికా సుప్రీం కోర్టు, ఈ కేసు మా పరిధిలోది కాదని పంపేసింది. దాంతో ఆ కుటుంబం బానిసత్వం నుంచి బయటపడింది.

నా మాట వింటే చార్టు మీద రెండు చెట్లు గీయండి. షూటో చెట్టులో రెనే నుంచి నలుగురు పిల్లలకీ చుక్కల గీత, లాక్లేడ్ నుంచి నిండు గీత వేసి, పక్కన కారణం రాయండి. రెండో చెట్టు నాచెజ్ అమ్మమ్మతో మొదలుపెట్టండి. ఆవిడ పేరు కాగితాల్లో దొరికేదాకా ఆ గడి ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపొద్దు. సెయింట్ లూయిస్ కోర్టులో బానిసలు స్వేచ్ఛ కోసం వేసిన దావాల కాగితాలు మూడు వందలకు పైగా ఆన్‌లైన్లో పెట్టారు. చేతిరాత మొదట్లో అర్థం కాదు. ముందు తేదీలు, పేర్లు పట్టుకోండి, తర్వాత అక్షరాలు అవే తెలుస్తాయి. ఎక్కడైనా ఆగిపోతే ఆ పేజీ ఫొటో తీసి నాకు వాట్సాప్ చేయండి. ఇక్కడ నాకు తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది, తీరిగ్గా చూస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య