సెల్ రిపేరు బల్ల దగ్గర రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

విజయవాడ గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్లు బాగుచేయడం నా పని. కాంబో (టచ్‌తో కలిసి వచ్చే డిస్‌ప్లే) మార్చడం, చార్జింగ్ పిన్ను వేయడం, నీళ్లలో పడ్డ బోర్డు కడగడం. చెయ్యి పనిలో ఉన్నా చెవులు మాత్రం ఎదురుగా స్టూలు మీద కూర్చున్నవాళ్ల కబుర్లకు ఖాళీగానే ఉంటాయి. ఫోన్ల గురించి జనానికున్న భయాలన్నీ అక్కడే వింటాను. భయం ఒకచోట, నిజంగా దెబ్బ తగిలేది ఇంకోచోట. మైకు తన మాటలు వింటోందని టెన్షన్ పడే మనిషే, అడక్కముందే లాక్ నంబరు గట్టిగా చెప్పేస్తాడు, పక్కన ఇంకో నలుగురు నిలబడి ఉండగా.

అపోహ: ఫోను మన మాటలు వింటోంది, అందుకే ఆ ప్రకటనలు వస్తున్నాయి

"రాత్రి మా ఆవిడతో కూలరు కొందామన్నానండీ, తెల్లారేసరికి ఫేస్‌బుక్ నిండా కూలర్లే." ఇలాంటి మాట వారంలో ఎవరో ఒకరు అంటారు. మే నెలలో బెజవాడ మనిషికి కూలరు ప్రకటన రాకపోతేనే ఆశ్చర్యపోవాలి. ప్రకటన పంపేవాడికి మీ ఊరు తెలుసు, ఎండలు తెలుసు, మీ ఇంటి వైఫై మీదే మీ అబ్బాయి కూలర్ల ధరలు వెతికాడనీ తెలుస్తుంది. ఇంత తెలిశాక మైకుతో పనేముంది?

అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 2018లో 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. దొంగచాటుగా మాటలు రికార్డు చేసి బయటికి పంపే యాప్ ఒక్కటీ దొరకలేదు. దొరికింది వేరొకటి: కొన్ని యాప్‌లు మనం తెర మీద ఏం నొక్కుతున్నామో వీడియోలా తీసి వేరే కంపెనీలకు పంపుతున్నాయి. దాని గురించి నన్ను అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు.

అలాగని మైకు అమాయకురాలేమీ కాదు. పిలవకుండానే యాపిల్ వాయిస్ అసిస్టెంట్ సిరి లేచి ఇంట్లో మాటలు రికార్డు చేసిందన్న కేసులో, తప్పు ఒప్పుకోకుండానే 9.5 కోట్ల డాలర్లకు రాజీపడుతున్నట్టు 2024 డిసెంబరు చివర్లో యాపిల్ కోర్టుకు చెప్పింది. అందుకే చూసుకోవాల్సింది చూసుకోవాలి. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఏ యాప్ అయినా మైకో కెమెరానో వాడుతుంటే తెర పైన కుడి మూల పచ్చ గుర్తు వస్తుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్ తెరిస్తే ఎవరెవరికి ఏమేం ఇచ్చామో వరసగా కనిపిస్తుంది. టార్చిలైటు యాప్‌కి కాంటాక్టులు ఎందుకు? క్యాలెండరుకి లొకేషన్ ఎందుకు? అక్కడికక్కడే తీసేయండి, ఏమీ పాడవదు.

లోన్ యాప్‌ల వేధింపులు మొదలైంది కూడా ఈ కాంటాక్టుల దగ్గరే. అప్పు తీసుకున్నవాడి ఫోన్లో ఉన్న బావమరిదికీ, ఆఫీసులో మేనేజరుకీ మెసేజిలు వెళ్లాయంటే మైకు విని కాదు, "అలౌ" అని మనమే నొక్కాం కాబట్టి. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్లో కాంటాక్టులు, కాల్ లాగ్, ఫొటోల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే చెప్పింది. ఇప్పటికీ ఏ లోన్ యాప్ అయినా కాంటాక్టులు అడిగిందంటే అదొక్కటి చాలు, తీసి పారేయడానికి.

అపోహ: రిపేరుకిస్తే లాక్ చెప్పక తప్పదు

ఇది నా సొంత గూటి సంగతి కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. తోటివాళ్లకు కోపం వస్తే రానీ.

చార్జింగ్ పిన్ను, బ్యాటరీ, కాంబో, వెనక గ్లాసు, వీటికి లాక్‌తో పనిలేదు. చార్జింగ్ ఎక్కుతోందో లేదో తెర మీదే కనబడుతుంది. టచ్ సరిగా ఉందో లేదో ఎమర్జెన్సీ కాల్ తెర మీద అంకెలు నొక్కి చూసుకుంటాం. చాలా ఫోన్లలో కెమెరా లాక్ తీయకుండానే తెరుచుకుంటుంది. కాల్ మాట్లాడి చూడాలా, ఫోను తీసుకోవడానికి మీరు ఎలాగూ వస్తారు, మీరే లాక్ తీసి మా ముందు మాట్లాడి చూసుకోండి. సాఫ్ట్‌వేర్ కొట్టించాలంటే, అంటే మళ్లీ కొత్తగా ఎక్కించాలంటే, డేటా ఎలాగూ పోతుంది. అప్పుడు కావాల్సింది లాక్ నంబరు కాదు, మీ గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ మీకు గుర్తుండటం. సగం మందికి అదే గుర్తుండదు.

మరి షాపుల్లో లాక్ ఎందుకు అడుగుతారంటే, పని తొందరగా అవుతుందని. అంతే. చాలాచోట్ల ఫోను వెనక తెల్ల స్టిక్కరు అంటిస్తారు. దాని మీద కస్టమరు పేరు, సెల్ నంబరు, "టచ్ ప్రాబ్లం" అని రాసి, కింద తొమ్మిది చుక్కలు పెట్టి ప్యాటర్న్ గీత గీస్తారు. ఎక్కడ మొదలో తెలియడానికి ఒక బాణం గుర్తు. ఆ ఫోను రోజంతా బల్ల మీద పడి ఉంటుంది, టీ తెచ్చే కుర్రాడికి కూడా కనబడుతుంది. రిపేరయ్యాక అదే స్టిక్కరుతో ఇంటికి పట్టుకుపోయేవాళ్లూ ఉన్నారు.

చూస్తారా అంటే, చూసేవాళ్లున్నారు. కెనడాలో గ్వెల్ఫ్ యూనివర్సిటీ పరిశోధకులు ల్యాప్‌టాప్‌లను 16 రిపేరు షాపులకు పంపి, వెనక్కి వచ్చాక లోపలి లాగ్‌లు తీసి చూశారు. ఆరుచోట్ల కస్టమరు సొంత ఫైళ్లు తెరిచారు, రెండుచోట్ల కాపీ కూడా చేసుకున్నారు. అక్కడ అలా, మనదగ్గర అందరూ పత్తిత్తులు అనుకోవడానికి నాకు కారణమేదీ కనబడదు.

శాంసంగ్ ఫోన్లలో డివైస్ కేర్‌లో "మెయింటెనెన్స్ మోడ్" అని ఉంటుంది. ఆన్ చేస్తే ఫోను రీస్టార్టయి, ఫొటోలు, మెసేజిలు, ఖాతాలు ఏవీ కనబడకుండా ఖాళీ ఫోనులా తెరుచుకుంటుంది. మళ్లీ మామూలు స్థితికి రావాలంటే మీ లాకే కావాలి. పిక్సెల్ ఫోన్లలో ఇదే "రిపేర్ మోడ్". టచ్ పనిచేస్తుంటే అది వేసి ఇవ్వండి. సిమ్ము, మెమరీ కార్డు తీసి జేబులో పెట్టుకోండి. లాక్ చెప్పనంటే తప్పుగా అనుకుంటారేమోనని మొహమాటపడకండి.

అపోహ: డెడ్ అయిన ఫోన్లో ఏముంటుంది, ప్లాస్టిక్ టబ్బుకి ఇచ్చేద్దాం

"పాత సెల్లులు కొంటాం, బకెట్లిస్తాం" అంటూ బండి మీద వచ్చేవాళ్లను చూసే ఉంటారు. ఫోను డెడ్ అంటే చాలాసార్లు పోయింది డిస్‌ప్లేనో, చార్జింగ్ ఐసీనో. ఫొటోలుండే స్టోరేజీ చిప్పు నిక్షేపంగా ఉంటుంది. కొత్త కాంబో వేస్తే లేచి కూర్చుంటుంది. దానికి లాక్ లేకపోతే మీ బ్యాంకు మెసేజిలతో సహా అన్నీ తెరుచుకుంటాయి. డేటా గొడవ అలా ఉంచితే, ఆ సెట్టుకున్న ఐఎమ్ఈఐ నంబరు (ప్రతి ఫోనుకీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) మీ సిమ్ముతో వాడినదే. తెలంగాణలో రామగుండం పోలీసులు 2024లో పట్టుకున్న ముఠా ఇలాగే ఊళ్లు తిరిగి పాత ఫోన్లు వేల సంఖ్యలో పోగేసింది, సైబర్ నేరగాళ్లకు అమ్మడానికి.

పనిచేసే ఫోను అమ్మేటప్పుడు మాత్రం అంత బెంగ అక్కర్లేదు. రీసెట్ కొట్టినా ఫొటోలు వెనక్కి లాగుతారన్నది ఒకప్పటి మాట. ఆండ్రాయిడ్ 10, ఆ తర్వాతి వెర్షన్లతో వచ్చిన ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. రీసెట్‌తో దాన్ని విప్పే కీ చెరిగిపోతుంది, మిగిలింది ఎందుకూ పనికిరాదు. గూగుల్ ఖాతా తీసేసి, సెట్టింగ్స్‌లోంచి రీసెట్ కొడితే చాలు. ఫొటోలు ఒక్కొక్కటీ డిలీట్ చేస్తూ కూర్చోవడం శుద్ధ దండగ.

అపోహ: నీళ్లలో పడితే బియ్యంలో పెట్టాలి

2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచాక, నీళ్లు తీసిన దగ్గర్నుంచి బల్ల మీద ఫోన్లు గుట్ట పడ్డాయి. ఇంట్లో బియ్యం డబ్బాలే మునిగిపోతే, బంధువుల ఇంటికి పోయి అక్కడి బియ్యంలో పెట్టి తెచ్చినవాళ్లున్నారు. విప్పి షీల్డు (బోర్డు మీది రేకు మూత) తీస్తే బోర్డంతా ఎండిన బురద, చార్జింగ్ పిన్ను కాళ్ల మీద పచ్చటి చిలుము, ఆ పిన్ను సందులో బియ్యప్పిండి అదనం. బీపీటీ బియ్యమైనా బాస్మతి అయినా షీల్డు కింద చేరిన నీటిని లాగలేవు. బియ్యం సంచిలో పెట్టవద్దని, నలుసులు చేరి ఫోను పాడవచ్చని యాపిల్ తన సపోర్టు పేజీలోనే రాసింది.

బోర్డుని చంపేది తడి ఒక్కటే కాదు, తడి ఉండగా తిరిగే కరెంటు. మూడు రోజులు బియ్యంలో ఉంచి, ఆన్ అవుతుందేమోనని మధ్యమధ్యలో చార్జింగ్ పెట్టి చూస్తారు చూడండి, అక్కడే షార్టింగ్ అయిపోతుంది. తడిసిన వెంటనే స్విచాఫ్ చేయండి. చార్జరు దగ్గరికి తీసుకెళ్లొద్దు, హెయిర్ డ్రయ్యరు వేడి వద్దు. సిమ్ ట్రే తీసి, ఆ పూటే రిపేరుకి పట్టుకెళ్లండి. బ్యాటరీ కనెక్షన్ తీసి, ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్)తో బ్రష్షు పెట్టి కడిగితే చాలావరకు బతుకుతాయి.

"ఐపీ68 అండీ, వాటర్‌ప్రూఫ్" అంటారు. ఆ పరీక్ష చేసేది కొత్త ఫోనుతో, మంచినీళ్లలో. బుడమేరు నీళ్లలో కాదు. ఒకసారి డిస్‌ప్లే మార్చిన ఫోనుకి ఆ గమ్ము సీలు మళ్లీ అంత గట్టిగా పడదు. నీళ్లు లోపలికి పోయాయా లేదా అన్నది సిమ్ ట్రే సందులో తెల్ల స్టిక్కరు ఎర్రబడిందో లేదో చూసి సర్వీస్ సెంటరువాళ్లు చెప్పేస్తారు. ఎర్రబడితే వారంటీ మర్చిపోవచ్చు.

అపోహ: రాత్రంతా చార్జింగ్ పెడితే బ్యాటరీ ఉబ్బుతుంది

నిండగానే చార్జింగ్ ఆపే సర్క్యూట్ ఫోన్లోనే ఉంది. బ్యాటరీకి అసలు శత్రువు వేడి. ఉబ్బిన బ్యాటరీలు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఎండాకాలంలోనే. బైకు హ్యాండిలుకి ఫోను బిగించి, మ్యాప్ ఆన్‌లో పెట్టి, చార్జరు కూడా తగిలించి మిట్టమధ్యాహ్నం బెంజి సర్కిల్లో సిగ్నలు దగ్గర నిలబడే డెలివరీ తమ్ముళ్లవి వాటిలో ముందుంటాయి. రాత్రి పెట్టుకోండి, దిండు కింద మాత్రం పెట్టొద్దు. 80 శాతం దగ్గర ఆపే సెట్టింగు ఉంటే వేసుకోండి.

అపోహ: ఓటీపీ చెప్పకపోతే డబ్బు పోదు

ఇది ఒకప్పుడు మంచి సలహా. ఇప్పుడు సగమే పనిచేస్తుంది. వాట్సాప్‌లో "ట్రాఫిక్ చలానా", "పీఎం కిసాన్", "శుభలేఖ" అని ఒక ఫైలు వస్తుంది, చివర ఏపీకే అని ఉంటుంది. నొక్కితే ఇన్‌స్టాల్ అవుతుంది, ఎస్ఎమ్ఎస్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది, ఇచ్చేస్తాం. ఆ తర్వాత ఓటీపీ మీరు చెప్పక్కర్లేదు, అదే చదివి పంపేసుకుంటుంది.

దీనికి తోడు మన రాష్ట్రంలో ప్రభుత్వ సేవలు నిజంగానే వాట్సాప్‌లో వస్తున్నాయి. 2025 జనవరి 30న మొదలైన "మన మిత్ర" మంచి ఏర్పాటే, నేనూ వాడతాను. కానీ వాట్సాప్‌లో వచ్చిందల్లా గవర్నమెంటుదే అనే నమ్మకం జనంలో కొంత పెరిగింది. మన మిత్ర నంబరు 95523 00009. దాన్ని సేవ్ చేసుకుని, మనమే "హాయ్" పెట్టి మొదలుపెట్టాలి. ఏ చలానా చూడటానికీ యాప్ ఫైలు దించుకోవాల్సిన పనిలేదు.

ఓటీపీతో అసలు సంబంధమే లేని దారి వేలిముద్ర. ఆధార్‌తో డబ్బు తీసే మిషన్లకు వేలిముద్ర, ఆధార్ నంబరు, బ్యాంకు పేరు ఉంటే చాలు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రల నుంచి నకిలీవి తయారుచేసి డబ్బులు లాగిన ముఠాలు తెలుగు రాష్ట్రాల్లో దొరికాయి. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉంటుంది, వేసుకోండి, రేషనుకో మరోదానికో కావాల్సినప్పుడు తీసుకోండి. జిరాక్స్ ఇవ్వాల్సిన చోట, ఒప్పుకుంటే, చివరి నాలుగంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

యూపీఐ సంగతి ఒక్క మాటే: డబ్బు రావడానికి పిన్ను అక్కర్లేదు, అడిగారంటే పోతోందని అర్థం. పోయిందని తెలిసిన నిమిషంలోనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. "రేపు బ్యాంకుకి వెళ్లి అడుగుదాం" అనుకుంటే ఆ రాత్రికే అది నాలుగు ఖాతాలు మారిపోతుంది.

అపోహ: ఇన్‌కాగ్నిటోలో చూస్తే ఎవరికీ తెలియదు

ఇన్‌కాగ్నిటో అంటే చూసిన సైట్ల జాబితా ఫోన్లో దాచుకోని బ్రౌజరు మోడ్. మీ ఇంట్లోవాళ్లకు తెలియదు. మీ నెట్ కంపెనీకి, మీరు తెరిచిన సైటుకి తెలుస్తుంది. అమెరికాలో కేసు నడిచాక 2024లో గూగుల్, ఇన్‌కాగ్నిటో తెరవగానే కనబడే హెచ్చరికనే మార్చి రాసింది.

అపోహ: పోయిన ఫోను ఇక పోయినట్టే

టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ పోర్టల్ 2023 మేలో వచ్చింది. పోలీసు ఫిర్యాదు కాపీ, ఐఎమ్ఈఐ, డూప్లికేట్ సిమ్ము ఉంటే అందులో ఫోనుని బ్లాక్ చేయించవచ్చు. ఆ తర్వాత ఎవరైనా అందులో కొత్త సిమ్ము వేస్తే జాడ తెలుస్తుంది. ఐఎమ్ఈఐ కోసం ఇప్పుడే *#06# నొక్కి, వచ్చిన రెండు నంబర్లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. ఫోన్లోనే ఫొటో తీసి పెట్టుకునేవాళ్లున్నారు, ఫోను పోయాక అది దేనికి? మీ పేరు మీద ఎన్ని సిమ్ములున్నాయో కూడా ఆ పోర్టల్లోనే తెలుస్తుంది.

సంచార్ సాథీకి యాప్ కూడా ఉంది, దాన్ని ప్రతి కొత్త ఫోన్లో ముందే వేసి అమ్మాలని 2025 నవంబరులో టెలికాం శాఖ ఆదేశించి, గొడవ కావడంతో డిసెంబరు 3న వెనక్కి తీసుకుంది. తీసుకోవడమే మంచిదైంది. పనికొచ్చేదైతే జనమే వేసుకుంటారు. యాప్ వద్దనుకున్నా వెబ్‌సైటులో ఈ పనులు అవుతాయి.

ఒకటి మాత్రం చాలామంది మర్చిపోతున్నారు. ఫోను దొరికాక అన్‌బ్లాక్ కూడా చేయించాలి. చేయించకుండా సిమ్ము వేసుకుని, "నెట్‌వర్క్ రావట్లేదు, బోర్డు పోయిందేమో చూడండి" అని తెస్తారు. దానికి నా దగ్గర పనేమీ లేదు. బ్లాక్ చేసినప్పుడు వచ్చిన రిక్వెస్ట్ ఐడీ వెతికి, అదే పోర్టల్లో పెట్టుకోవాలి.