వాన నీళ్లు దిగే గచ్చు

విజయనగరంలో ఏ కొత్త ఇల్లు లేచినా, చివర్లో గుమ్మం ముందు నుంచి కాలువ దాకా గచ్చు చేయించేస్తారు. బురద ఉండదు, బండి పెట్టుకోవచ్చు, ముగ్గు చక్కగా కనిపిస్తుంది. ఎవరినీ తప్పు పట్టలేం. కానీ వీధిలో అందరూ అదే పని చేశాక వాన నీటికి భూమిలోకి దిగే దారి లేకుండా పోతుంది. లెక్క తేలికే. చదరపు మీటరు జాగా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. డాబా, గచ్చు కలిపి వంద చదరపు మీటర్లున్న ఇంటి మీద 50 మిల్లీమీటర్లు కురిస్తే ఐదు వేల లీటర్లు. అలాంటి ఇళ్లు ఇరవై ఉన్న సందులో దాదాపు లక్ష లీటర్లు ఒక్క కాలువ మీద పడతాయి. 2014లో హుద్‌హుద్‌నీ, 2018లో తిత్లీనీ చూసిన ఉత్తరాంధ్రకి అక్టోబరు వానలంటే ఏమిటో కొత్తగా చెప్పనక్కర్లేదు.

చింతలవలస ఎమ్.వి.జి.ఆర్., ద్వారపూడి జె.ఎన్.టి.యు. గురజాడ, రాజాం జి.ఎమ్.ఆర్.ఐ.టి. ఇలా చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకి కొదవ లేదు. ఫైనలియర్ ప్రాజెక్టు కోసం టాపిక్ వెతుక్కునే పిల్లలకి ఈ గచ్చు కన్నా దగ్గరి సమస్య దొరకదు. దీనికి పర్వియస్ కాంక్రీట్ అనే మందొకటి ఉంది. ఇందులో ఇసుక దాదాపు వేయరు. ఇంచుమించు ఒకే సైజు చిప్స్ (సన్న కంకర రాళ్లు), సిమెంటు, కొలిచి పోసిన కాసిని నీళ్లు, అంతే. మరమరాల ఉండలో పాకం గింజకీ గింజకీ అంటుకుని, మధ్యలో ఖాళీలు అలాగే మిగిలిపోతాయే, ఇదీ అలాంటిదే. గట్టిపడ్డాక నూటికి 15 నుంచి 25 వంతులు ఖాళీయే ఉంటుంది. ఆ ఖాళీల్లోంచే వాన నీళ్లు కిందికి దిగుతాయి.

చిక్కంతా ఆ కాసిని నీళ్ల దగ్గరే. మామూలుగా వంద కిలోల సిమెంటుకి 27 నుంచి 34 కిలోల నీళ్లు పోస్తారు. అంతకన్నా తగ్గితే చిప్స్ సరిగ్గా పట్టుకోక ఊడొస్తాయి. ఎక్కువైతే సిమెంటు ముద్ద జారిపోయి అడుగున పేరుకుంటుంది. పైనుంచి చూస్తే రంధ్రాలు చక్కగానే కనిపిస్తాయి, నీళ్లు మాత్రం దిగవు. పని సులువవుతుందని ఇంకో మగ్గు పోసే అలవాటున్న మేస్త్రి పక్కన నిలబడితే టెన్షనే. పైగా ఖాళీలున్న చోట బలం తగ్గుతుంది. అందుకని సిరిమాను తిరిగే కోట రోడ్డుకో, లారీలు నడిచే దారికో ఇది పనికిరాదు. ఇంటి ముందు జాగా, సందులు, ఫుట్‌పాత్‌లు, స్కూటర్లు పెట్టుకునే చోటు, వీటికి సరిపోతుంది.

కాలేజీలో ఈ ప్రాజెక్టు ఎలా నడుస్తుందో ఊహించొచ్చు. ఈ కాంక్రీటుతో 150 మిల్లీమీటర్ల క్యూబులు పోస్తారు, బలమెంతో చూడ్డానికి 7 రోజులకీ 28 రోజులకీ మెషీన్‌లో పెట్టి నొక్కుతారు, గ్రాఫు గీస్తారు, వైవా అయిపోతుంది. తప్పేం లేదు, కానీ నా దృష్టిలో అసలు కథ ఆ క్యూబు దాటాకే మొదలవుతుంది. వీధిలో వేసిన గచ్చులోకి నీళ్లు ఎంత వేగంగా దిగుతున్నాయో కొలవడానికి ల్యాబ్ అక్కర్లేదు. 300 మిల్లీమీటర్ల వ్యాసమున్న రింగు చాలు, పెద్ద పీవీసీ పైపు ముక్క కోసుకున్నా సరిపోతుంది. దాన్ని గచ్చు మీద పెట్టి, అంచు చుట్టూ ప్లంబర్లు వాడే పుట్టీ పట్టిస్తారు. ముందు కాసిని నీళ్లు పోసి తడుపుతారు. తర్వాత 18 లీటర్లు పోస్తారు, అదీ రింగులో నీటి మట్టం 10–15 మిల్లీమీటర్లు దాటకుండా, తగ్గకుండా. పోయడం మొదలైనప్పటి నుంచి పైన నీరు కనబడకుండా పోయేదాకా ఫోన్‌లో టైము చూస్తారు. బకెట్ పట్టుకున్నవాడి చేయి నిలకడగా ఉండాలి, అంతకు మించిన విద్యేమీ లేదు.

ఆ 18 లీటర్లు నిమిషంలో దిగిపోయాయనుకుందాం. లెక్క కడితే గంటకి 15 వేల మిల్లీమీటర్ల పైచిలుకు. వాతావరణ శాఖ క్లౌడ్‌బరస్ట్ అనేది గంటకి వంద మిల్లీమీటర్ల వానని. మరి దుమ్ము పట్టి పదో వంతుకి పడిపోయినా ఈ గచ్చుకి దిగులు లేదు. దిగులంతా కింది మట్టితోనే. ఇసుక పాలెక్కువున్న గరప నేల గంటకి 20–30 మిల్లీమీటర్లు పీలుస్తుంది, బంకమట్టి ఒకటి నుంచి ఐదే. అందుకే గచ్చు కింద కంకర పరుస్తారు. కంకరలో నూటికి 40 వంతులు ఖాళీ ఉంటే, 300 మిల్లీమీటర్ల మందం పొర 120 మిల్లీమీటర్ల వానని దాచుకుంటుంది. దాచింది మట్టిలోకి మెల్లగా దిగుతుంది. గంటకి ఐదు మిల్లీమీటర్లు పీల్చే నేలైతే ఒక రోజు, ఒకటే పీలిస్తే ఐదు రోజులు. ఈలోగా ఇంకో అల్పపీడనం వస్తే పొర నిండే ఉంటుంది. మెరక మీది ఎర్ర నేల, పెద్దచెరువు పక్క నేల ఒకేలా పీలుస్తాయని నమ్మకూడదు. గుంట తవ్వి నీళ్లు పోసి చూసుకోవాల్సిందే. కంకర మందం తేల్చేది కూడా ఆ గుంటే.

ఇక దుమ్ము సంగతి. ఎర్రమట్టి, ఎండుటాకులు, పక్కింట్లో పని జరుగుతుంటే కొట్టుకొచ్చే ఇసుక, ఇవన్నీ రంధ్రాల్లో కూరుకుపోతాయి. ప్రెషర్‌తో కడిగితే కొంత, వాక్యూమ్ మెషీన్‌తో లాగితే ఇంకాస్త బయటికొస్తుంది. ఏడాదికి ఎన్నిసార్లు కడగాలన్నది మన దుమ్ముని బట్టి ఉంటుంది, బయటి దేశాల పట్టికల్లో దొరకదు. ఒక బ్యాచ్ వేసిన గచ్చు మీద పెయింటుతో గుర్తులు పెట్టి వెళ్తే, తర్వాతి బ్యాచ్ అదే గుర్తుల మీద మళ్లీ రింగు పెట్టి, ఎండాకాలం చివరా, వానలయ్యాకా, కడగక ముందూ, కడిగాకా కొలవొచ్చు. నాలుగేళ్ల అంకెలు ఒక రిజిస్టర్‌లో చేరితే, కార్పొరేషన్ ఇంజినీరు టెండరులో క్లీనింగ్‌కి ఎంత రాయాలో దాంట్లోంచే చూసుకోవచ్చు.