చోడి పుట్టిల్లు, మెట్టినిల్లు

2023 మార్చిలో మన రాష్ట్రంలోని సర్కారు బడుల్లో పిల్లలకు వారానికి మూడు రోజులు రాగి జావ పోయడం మొదలైంది. ఐక్యరాజ్యసమితి ఆ ఏడాదినే చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. విజయనగరం పల్లెల్లో పిల్లలు దాన్ని రాగి జావ అనే అంటున్నారు. వాళ్ల మామ్మలకు మాత్రం అది చోడి అంబలి. మాట మారినందుకు నాకేమీ బాధ లేదు. తెలంగాణలో తైదలంటారు, సాలూరు దాటి కొండెక్కితే ఒడిశా వాళ్లు మండియా అంటారు, అన్నీ ఆ గింజ పేర్లే. నా దిగులల్లా వేరే. గిన్నెలోకి చోడి తిరిగొచ్చింది సరే, చేలో ఒకప్పుడుండే చోళ్లు తిరిగొచ్చాయా?

చోళ్లు అని బహువచనంలో అంటున్నది అందుకే. మా అమ్మమ్మ ఊరు గజపతినగరం వైపు. రోహిణి కార్తెలో నాలుగు చినుకులు పడగానే పునాస చోడికి నారు పోసేవారు. ఆ తర్వాత పెద్ద పంట చోడి. కోతకు ముందు రోజు అమ్మమ్మ ఒక్కతే చేలోకి దిగి ఎన్నులు ఏరేది. కొన్ని ఎన్నులు అరచెయ్యి చాపినట్టు వేళ్లు విప్పుకుని ఉండేవి. కొన్ని పిడికిలి బిగించినట్టు ముడుచుకుని ఉండేవి. పునాసకు విప్పుకున్న ఎన్నే తీసేది. వానల్లో కోతకొచ్చే పంట కదా, ముడుచుకున్న ఎన్నులో నీరు దిగి గింజ బూజు పడుతుందని ఆమె లెక్క. ఏరినవన్నీ కట్ట కట్టి వంటింటి దూలానికి వేలాడదీసేది. "ఇది ఇత్తనానికి, ముట్టుకోకండర్రా" అనేది. పొయ్యి పొగకి ఆ కట్ట నల్లబడేది గానీ పురుగు పట్టేది కాదు.

ఆమె చేస్తున్న పనికి ఒక పెద్ద శాస్త్రం ఉందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఏ పంట ఎక్కడ పుట్టింది, ఏ దారిన నడిచింది, దారిలో ఎన్ని రూపాలెత్తింది అన్నదే ఆ శాస్త్రం. దానికి దారి వేసిన వాళ్లలో ముందుగా చెప్పుకోవలసిన మనిషి రష్యా వృక్షశాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్. 1887లో పుట్టాడు. దేశదేశాలు తిరిగి, సంతల్లో, రైతుల గాదెల్లో గింజలు పోగేశాడు. పంటల పుట్టుక కేంద్రాల గురించి 1926లో ఆయన చెప్పినది సూటిగా ఉంటుంది: ఒక పంటలో రకాలు ఎక్కడ ఎక్కువగా కనిపిస్తాయో, దాని పుట్టిల్లు అక్కడ వెతకండి. 1927లో ఇథియోపియా వెళ్లాడు, అప్పట్లో అబిసీనియా అనేవారు. చోడి పుట్టిల్లుగా ఆయన గుర్తు పెట్టింది ఆ దేశాన్నే.

అప్పటికి నడుస్తున్న మాట వేరు. చోడి భారతదేశంలోనే పుట్టిందని స్విట్జర్లాండ్‌కు చెందిన ఆల్ఫాన్స్ డి కాండోల్ 1880లలో రాశాడు. ఆయనను తప్పుపట్టలేం. మన దేశంలో ఈ పంట అంత పాతది, అంతగా పాతుకుపోయింది. పైగా మన చేలల్లో అచ్చం చోడి మొక్కలాగే మొలిచే కలుపు గడ్డి ఒకటుంది. కలుపు తీసేటప్పుడు అలవాటైన చేతులు కూడా ఒక్కోసారి దాన్ని వదిలేస్తాయి. ఆ గడ్డే చోడికి తల్లి అనుకోవడం సహజం.

తగవు తీర్చింది క్రోమోజోముల లెక్క. మన కలుపు గడ్డిలో 18 క్రోమోజోములు, చోడిలో 36. ఆ గడ్డి ఒక్కటే చోడిని కని ఉంటుందంటే లెక్క కుదరదు. ఆఫ్రికాలో మాత్రం 36 క్రోమోజోములున్న అడవి చోడి ఒకటుంది. గింజ పండగానే రాలిపోతుంది, అంతే తేడా. పండిన గింజ రాలకుండా ఎన్నులోనే నిలిచే మొక్కల్ని తరతరాలుగా ఏరుకుంటూ పోతే అదే చోడి అయింది. 1970లలో హిలు, డి వెట్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతిని గట్టిగా నిలబెట్టారు. కర్ణాటకలోని ధార్వాడ శాస్త్రవేత్తలు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు చూపించింది ఏమిటంటే, చాలా కాలం కిందట రెండు గడ్డిజాతులు కలిశాయి, ఇద్దరి క్రోమోజోములూ ఒక మొక్కలో చేరాయి. అందులో ఒకటి మనం పీకి పారేసే ఆ కలుపు గడ్డి జాతే. రెండోది ఏదో నేటికీ దొరకలేదు, బహుశా భూమ్మీద లేకుండానే పోయి ఉంటుంది.

అంటే చోడి పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలలు. మన దగ్గరికి వచ్చి సుమారు మూడు వేల ఏళ్లని అంచనా. అయితే మెట్టినింట్లో ఈ పంట సంసారం చిన్నది కాదు. మైసూరు పీఠభూమిలో ఒక తీరు, హిమాలయాల వాలుల్లో ఒక తీరు, మన తూర్పు కనుమల్లో మరో తీరు. ఎన్ను ఆకారం, గింజ రంగు, పంట కాలం అన్నీ మారాయి. కర్ణాటకలో లక్ష్మణయ్య అనే శాస్త్రవేత్త 1960లలో ఆఫ్రికా చోడిని, మన చోడిని సంకరం చేసి ఇండాఫ్ రకాలు తీశాడు. చోడి పువ్వు చాలా చిన్నది, తనలో తానే పరాగం పడి గింజ కట్టేస్తుంది. దాన్ని ఇంకోదానితో కలపడానికి ఎంత ఓపిక కావాలో ఊహించుకోవచ్చు. పుట్టింటి బలం మళ్లీ కలిసేసరికి దిగుబడి బాగా పెరిగింది.

మన వైపు జరిగిన కథ నాకు ఇంకా దగ్గరగా తోస్తుంది. అరకు ప్రాంతంలో మెట్ట చోడి అని పండించేవారు. ఆ గింజల్లోంచి ఏరి పెద్దాపురం పరిశోధన కేంద్రం 1976లో పీఆర్ 202 అనే రకాన్ని విడుదల చేసింది. అది మన జిల్లాలు దాటి దేశమంతా పాకింది. కొత్త రకం ఏది వచ్చినా దీనితో పోల్చి చూసేవారు. 2017లో బెంగళూరు శాస్త్రజ్ఞులు చోడి జన్యుపటాన్ని మొదటిసారి చదివారు, అందుకు వాళ్లు ఎంచుకున్నది ఎంఎల్ 365 రకం. మరుసటి ఏడాది జ్యూరిక్ బృందం బెంగళూరు వారితో కలిసి ఇంకా నిశితంగా చదివింది. వాళ్లు తీసుకున్న గింజ పీఆర్ 202. అరవై రెండు వేలకు పైగా జన్యువులు లెక్క తేలాయి. కొండ మీద ఏ ఇంటి దూలానికో వేలాడిన ఎన్ను జ్యూరిక్ ప్రయోగశాల దాకా వెళ్లింది. రకానికి ఊరి పేరులోని అక్షరాలు మిగిలాయి, దాన్ని ఏరి దాచిన ఆడవాళ్ల పేర్లు ఎక్కడా లేవు. నాకు అది కష్టంగానే ఉంటుంది.

విజయనగరంలోని వ్యవసాయ పరిశోధన స్థానం చిరుధాన్యాల మీద చాలా కాలంగా పనిచేస్తోంది. వాళ్ల చోడి రకాలకు చంపావతి, వేగవతి అని మన ఏరుల పేర్లే పెట్టారు. ఆ పేర్లు వింటే సంతోషమేస్తుంది. కానీ అగ్గితెగులు ఏటా కొత్త వేషం వేస్తుంది. దాన్ని తట్టుకునే గుణం కోసం శాస్త్రజ్ఞులు మళ్లీ వెతకవలసింది పాత నాటు రకాల్లోనే. అవి చేలో లేకపోతే ఎక్కడ వెతకాలి? పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ విత్తన నిధిలో చోడి నమూనాలు ఏడు వేలకు పైగా ఉన్నాయి. అది గొప్ప ఆసరా. అయితే చల్లని గదిలోని గింజ అక్కడే ఆగి ఉంటుంది. చేలోని గింజ ప్రతి ఏడూ ఎండకీ, వానకీ, తెగులుకీ ఎదురెళ్లి కొద్దికొద్దిగా మారుతుంది.

చేలోంచి ఎందుకు పోయాయంటే, తప్పు ఏ ఒక్కరిదీ కాదు. 1983లో కిలో బియ్యం రెండు రూపాయలయ్యాయి. అన్నం తినడం గౌరవం, అంబలి తాగడం పేదరికం అన్న భావం అంతకుముందే ఉంది, అది ఇంకా గట్టిపడింది. మెట్ట చేలల్లోకి మొక్కజొన్న, జీడిమామిడి, నీలగిరి వచ్చాయి. చోడి కోసి, కుప్ప వేసి, దంచి, చెరిగే ఓపిక కోడళ్లకు ఎందుకుండాలి? దేశం మొత్తం మీద కూడా చోడి సాగు అరవై ఏళ్లలో సగానికి పైగా పడిపోయింది. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉందని ఇప్పుడు డాక్టర్లు చెబితే ప్యాకెట్ పిండి కొంటున్నాం.

వావిలోవ్ కథ బాగా ముగియలేదు. 1940లో స్టాలిన్ పోలీసులు అరెస్టు చేశారు. 1943 జనవరిలో సరాతోవ్ జైల్లో తిండి చాలక చనిపోయాడు. ఆయన పోగేసిన గింజలు లెనిన్‌గ్రాడ్‌లో ఉన్నాయి, ఆ నగరాన్ని జర్మన్లు 872 రోజులు దిగ్బంధించారు. ఆ గింజలు దాచిన సంస్థలో పనిచేసేవాళ్లు ఆకలితో ఒక్కొక్కరే రాలిపోయారు. వరి గింజలు కాపాడుతున్న ద్మిత్రి ఇవనోవ్ చుట్టూ వేల వరి పొట్లాలు పెట్టుకుని ఆకలితో చచ్చిపోయాడు, ఒక్క పొట్లం విప్పలేదు. "ముట్టుకోకండర్రా" అన్న గొంతు నాకు అక్కడ కూడా వినిపిస్తుంది.

నిరుడు సాలూరు సంతలో కొండ మీంచి దిగొచ్చిన ఒకామె దగ్గర రెండు సోలల చోళ్లు కొన్నాను. ఎర్రవి, నల్లవి కలిసి ఉన్నాయి. పేరేంటమ్మా అని అడిగితే "మా ఊరి చోడే బాబూ, పేరేటుంటాది" అంది. గుప్పెడు గింజలు పెరట్లో చల్లాను. మూడు నెలలకు ఎన్నులొచ్చాయి. కొన్ని పిడికిలి బిగించి, కొన్ని వేళ్లు విప్పుకుని, రెండు మొక్కలకు మాత్రం వేళ్ల చివర్లు కొంచెం లోపలికి వంగి.