కార్టు నుంచి ఫార్ములా వన్ దాకా: పిల్లలకు ఒక ఉత్తరం

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు.

ఫార్ములా వన్ డ్రైవర్ కావాలంటే ఏం చదవాలి, ఎక్కడ నేర్పిస్తారు అని అడిగారు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు, అంటే కరెంటు కార్ల రేసు, జరిగినప్పటి నుంచి మీలాంటి పిల్లలు చాలామంది ఇదే అడుగుతున్నారు. ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

ఈ దారిలో మెట్లు ఉన్నాయి. మొదటిది కార్టింగ్, అంటే కార్టు అనే చిన్న నేలబారు బండితో రేసు. ఆ తర్వాత సింగిల్ సీటర్లు, అంటే ఒక్కరే కూర్చునే, నాలుగు చక్రాలూ బయటికి కనిపించే కార్లు. వాటిలో ఫార్ములా 4, ఫార్ములా 3, ఫార్ములా 2 దాటితే ఫార్ములా వన్. ఈ పేర్లు ఒప్పజెప్పినంత మాత్రాన మీకు ఏమీ అర్థం కాదు. అందుకని ఈ మెట్లన్నీ ఎక్కిన ఒక పిల్లాడి కథ చెబుతాను. వాడి పేరు చార్లెస్ లెక్లెర్. ఇప్పుడు ఫెరారీ డ్రైవర్‌గా మీకు తెలుసు. నాకు మాత్రం వాడు ఫెరారీ దాకా రావడానికి ముందున్న ఏళ్లే ముఖ్యం.

1997 అక్టోబరు 16న మొనాకోలో పుట్టాడు. మొనాకో అనగానే ఓడలంత పడవలు, కోటీశ్వరులు గుర్తొస్తారు. ఈ కుటుంబం అలాంటిది కాదు. తల్లి జుట్టు కత్తిరించే సెలూన్‌లో పని చేసేది. తండ్రి ఎర్వే ఒకప్పుడు ఫార్ములా 3లో రేసులు నడిపినవాడే, పైకి వెళ్లలేకపోయాడు. చార్లెస్‌కు నాలుగేళ్లు కూడా నిండని రోజుల్లో, ఒకనాడు బడికి వెళ్లడం ఇష్టం లేక ఒంట్లో బాగోలేదన్నాడు. తండ్రి ఆ రోజు ఫ్రాన్స్‌లోని బ్రిన్యోల్‌లో కార్టింగ్ ట్రాక్ నడిపే స్నేహితుడి దగ్గరికి వెళ్తూ వీణ్నీ వెంటబెట్టుకెళ్లాడు. అక్కడ మొదటిసారి కార్టు ఎక్కాడు. ఆ ట్రాక్ యజమాని కొడుకు జూల్ బియాంకీ. చార్లెస్ కంటే ఎనిమిదేళ్లు పెద్ద, వాడికి గాడ్‌ఫాదర్ (చర్చిలో పేరు పెట్టేటప్పుడు పెద్దగా నిలబడేవాడు) కూడా. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇక కార్టు సంగతి. షాపింగ్ మాల్‌లో డబ్బులిచ్చి పది నిమిషాలు తిరిగే బండ్లను చూసి అదేదో బొమ్మ అనుకోవద్దు. రేసింగ్ కార్టుకు స్ప్రింగులు ఉండవు, షాక్ అబ్జార్బర్లు ఉండవు. ఇనప గొట్టాలతో చేసిన చట్రమే కొద్దికొద్దిగా మెలితిరుగుతూ ఆ పని చేస్తుంది. సీటు నేలకు ఆనినట్టే ఉంటుంది. గతుకు తగిలితే సీటు అంచు పక్కటెముకల మీద గుద్దుతుంది, అందుకే పిల్లలు చొక్కా లోపల పక్కటెముకలకు రక్షణ కవచం తొడుక్కుంటారు. ఎడమ కాలికి బ్రేక్, కుడి కాలికి యాక్సిలరేటర్. చిన్నపిల్లల కార్టుల్లో బ్రేకు వెనక చక్రాలకే పనిచేస్తుంది.

అన్నిటికంటే చిత్రం వెనక ఇరుసు. మన కార్లలో వెనక రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగగలవు. కార్టులో ఒకటే ఇనప ఇరుసు, రెండు చక్రాలూ దానికే బిగించి ఉంటాయి. మా చిన్నప్పుడు కళ్లంలో వరి నూర్చడానికి గుంజ చుట్టూ ఎద్దుల్ని తిప్పేవాళ్లు. లోపలి ఎద్దు మెల్లగా అడుగులేస్తే చాలు, బయటి ఎద్దు గబగబా నడవాలి. రెండూ సరిగ్గా ఒకే లెక్కన నడవాలంటే మలుపు తిరగడం కుదరదు. కార్టుదీ అదే ఇబ్బంది. మరి తిరిగేదెలా? స్టీరింగ్ తిప్పగానే ముందు చక్రాల అమరిక వల్ల చట్రం మెలితిరిగి, వెనక లోపలి చక్రం నేల మీంచి కాస్త పైకి లేస్తుంది. ఆ క్షణాన కార్టు మూడు చక్రాల మీద మలుపు తిరుగుతుంది. ఆ చక్రం తొందరగా కిందికి దిగితే ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై వేగం చచ్చిపోతుంది. మరీ ఎక్కువ లేస్తే బండి గెంతుతుంది. ఎంత లేపాలో, ఎప్పుడు దించాలో డ్రైవరే తన చేతులతో, ఒంటి బరువుతో చూసుకోవాలి. ఏడెనిమిదేళ్ల పిల్లలు దీన్ని ఒక్క ముక్క ఫిజిక్స్ చదవకుండా, సీటులో కూర్చున్న ఒంటితోనే నేర్చుకుంటారు. చిన్నప్పుడే మొదలుపెట్టాలని అందరూ అనేది ఇందుకే. పెద్దయ్యాక లెక్కలు అర్థమవుతాయి కానీ ఆ ఒంటి తెలివి అంత తేలిగ్గా పట్టుబడదు.

చార్లెస్‌కు అది బాగా పట్టుబడింది. ఫ్రాన్స్‌లో వరసగా గెలిచాడు. 2010 చివరికి వచ్చేసరికి ఇంట్లో డబ్బు అయిపోయింది. టైర్లు, ఇంజిన్లు, మెకానిక్ జీతం, వారం వారం ప్రయాణాలు, హోటళ్లు... యూరప్ స్థాయి కార్టింగ్ మధ్యతరగతి ఇంటికి మోయలేని బరువు. వాడి కథ అక్కడే ఆగిపోవలసింది. అప్పుడు జూల్ బియాంకీ తన మేనేజర్ నికొలా టాడ్‌తో ఈ పిల్లాణ్ని ఒకసారి చూడమని చెప్పాడు. ఆయన చూశాడు, 2011 నుంచి ఖర్చు భరించాడు. ఆ ఏడాదే చార్లెస్ తన వయసు విభాగంలో కార్టింగ్ వరల్డ్ కప్ గెలిచాడు.

ఇక్కడ వాడి తమ్ముడు ఆర్థర్ గురించి కూడా చెప్పాలి. ఆర్థర్ కూడా కార్టులు నడిపేవాడు. ఇద్దరికీ పెట్టే స్తోమత ఇంటికి లేక మధ్యలో కొన్నేళ్లు ఆపేయాల్సి వచ్చింది. 2018లో ఫ్రాన్స్ ఫార్ములా 4తో మళ్లీ మొదలుపెట్టాడు. ఒకరి ప్రతిభకు ఇంకొకరు ఇచ్చిన చోటు ఇది. ఇలాంటివి గెలిచినవాళ్లు ఎక్కే పోడియం మీద కనపడవు. 2024 చివర్లో అబుదాబిలో, మొదటి ప్రాక్టీసులో, రెండు ఫెరారీల్లో అన్నదమ్ములిద్దరూ ఒకేసారి ట్రాక్ మీదికి వచ్చినప్పుడు నాకు చాలా సంతోషమేసింది.

మాక్స్ వెర్‌స్టాపెన్ ఈ కథలోకి కార్టింగ్‌లోనే వస్తాడు. చార్లెస్ కంటే సరిగ్గా పదహారు రోజులు పెద్ద. పన్నెండు పద్నాలుగేళ్ల వయసులో ఇద్దరూ యూరప్ అంతా ఒకరినొకరు తరుముకున్నారు. 2012లో ఫ్రాన్స్‌లో తడి ట్రాక్ మీద ఇద్దరూ గుద్దుకుని, రేసయ్యాక కెమెరా ముందు ఒకరి మీద ఒకరు చెప్పుకున్న వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. 2013లో గేర్లున్న కేజడ్ కార్టుల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మాక్స్ మొదటి స్థానం, చార్లెస్ రెండో స్థానం. ఆ తర్వాత దారులు విడిపోయాయి. మాక్స్ ఒక్క ఏడాది ఫార్ములా 3 నడిపి 17 ఏళ్లకే ఫార్ములా వన్‌లోకి వెళ్లిపోయాడు. చార్లెస్ మాత్రం 2014లో ఫార్ములా రెనో (ఫార్ములా 3కి కింది మెట్టు), 2015లో ఫార్ములా 3, 2016లో జీపీ3 (ఫార్ములా 2కి కింది మెట్టు), 2017లో ఫార్ములా 2 అంటూ మెట్టు మెట్టుకూ ఆగాడు. మీ క్లాసులో ఎవరో మీకంటే ముందు వెళ్లిపోతే టెన్షన్ పడతారు కదా. ఆ రెండు దారులూ ఒకే ట్రాక్ మీదికి చేరాయని మాత్రం గమనించండి.

కార్టు నుంచి సింగిల్ సీటర్‌కు మారడంలో ఉన్న కష్టం బయటివాళ్లకు తెలియదు. కార్టుకు రెక్కలు లేవు. పట్టు అంతా టైర్ల నుంచే వస్తుంది. సింగిల్ సీటర్‌కు ముందు వెనక రెక్కలుంటాయి, అవి గాలిని వాడుకుని కారును నేలకేసి అదుముతాయి. వేగం పెరిగేకొద్దీ అదిమే బలం పెరుగుతుంది. అంటే భయపడి నెమ్మదిగా మలుపులోకి వెళ్తే కారు జారిపోవచ్చు, ధైర్యంగా వెళ్తే అతుక్కుని తిరగవచ్చు. పిల్లాడి ఒళ్లు ఏళ్ల తరబడి నేర్చుకున్నదానికి ఇది పూర్తిగా ఎదురు. బ్రేక్ కూడా అంతే. పెద్ద వేగంలో అదిమే బలం ఎక్కువ కాబట్టి మొదట్లోనే కాలి బలమంతా పెట్టి తొక్కాలి. వేగం తగ్గేకొద్దీ ఆ బలం పోతుంటుంది, కాబట్టి కాలు కొంచెం కొంచెంగా వదులుతూ రావాలి. వదలడం ఆలస్యమైతే చక్రం బిగుసుకుపోయి టైరు ఒక చోట చదునుగా అరిగిపోతుంది. ఇదంతా రెండు మూడు సెకన్లలో జరగాలి, ల్యాపుకు, అంటే ట్రాక్ చుట్టూ ఒక్క చుట్టుకు, పది సార్లు జరగాలి. నన్నడిగితే డ్రైవర్ గొప్పదనం యాక్సిలరేటర్ కంటే బ్రేకు వదిలే కాలిలోనే ఎక్కువ కనిపిస్తుంది.

పై మెట్లలో ఇంకొకటి తోడవుతుంది: టైర్లను కాపాడుకోవడం. 2017 ఫార్ములా 2లో అందరిదీ ఒకే కంపెనీ కారు, ఒకే ఇంజిన్. తేడా జట్టు పనితనంలో, డ్రైవర్‌లో. ఆ ఏడాది బహ్రెయిన్‌లో స్ప్రింట్ రేసు (మెయిన్ రేసు కంటే చిన్నది) చూడండి. స్ప్రింట్‌లో పిట్‌లోకి, అంటే టైర్లు మార్చే చోటికి, రావాల్సిన నియమం లేదు. ముందున్న చార్లెస్‌ను జట్టు పిట్‌లోకి పిలిచి కొత్త టైర్లు వేసింది. బయటికొచ్చేసరికి 14వ స్థానం. అక్కడి నుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ చివరి ల్యాపులో లూకా గియోట్టోను కూడా దాటి గెలిచాడు. అరిగిన టైర్లతో ముందున్నవాళ్లు ఎలా నిస్సహాయంగా జారుతున్నారో, కొత్త టైర్లున్నవాడు ఎంత ఆలస్యంగా బ్రేక్ వేస్తున్నాడో మీకే తెలుస్తుంది. ఆ ఏడాది ఇంకో రౌండు మిగిలుండగానే ఛాంపియన్ అయ్యాడు.

ఇప్పుడు చెప్పేది మీ నుంచి దాచలేను, ఎందుకంటే ఈ ఆటలో ప్రమాదం నిజం. జూల్ బియాంకీ 2014 అక్టోబరులో జపాన్ గ్రాండ్ ప్రిలో, వానలో, ట్రాక్ పక్కన ఉన్న క్రేన్ బండిని గుద్దుకున్నాడు. తొమ్మిది నెలలు కోమాలో ఉండి 2015 జులైలో పోయాడు. చార్లెస్‌కు అప్పుడు పదిహేడేళ్లు. రెండేళ్లకు, 2017 జూన్‌లో, తండ్రి పోయాడు. పోయే ముందు ఆయనతో చార్లెస్ ఒక మాట చెప్పాడు, ఫార్ములా వన్ కాంట్రాక్టు మీద సంతకం పెట్టేశానని. అప్పటికి అది నిజం కాదు. తండ్రి ఆ సంతోషంతో వెళ్లాలని చెప్పిన మాట. కొద్ది రోజులకే అజర్‌బైజాన్‌లోని బాకూలో ఫార్ములా 2 రేసు. వెళ్లాడు, పోల్ (అందరికంటే ముందు బయల్దేరే చోటు) సాధించాడు, మెయిన్ రేసు గెలిచాడు. ఆ ఏడాది చివర్లో సౌబర్ అనే ఫార్ములా వన్ జట్టు వాణ్ని 2018కి తీసుకుంది, తండ్రికి చెప్పిన మాట నిజమైంది.

జూల్ ప్రమాదం తర్వాతే వర్చువల్ సేఫ్టీ కార్ అనే నియమం వచ్చింది. ట్రాక్ మీద ప్రమాదం జరిగితే అందరూ ఒకేసారి వేగం తగ్గించి తీరాలి. 2018 నుంచి డ్రైవర్ తల చుట్టూ హేలో అనే టైటానియం కమ్మీ వచ్చింది. చూడ్డానికి బాగోలేదని చాలామంది గొణిగారు. అదే ఏడాది బెల్జియంలో అలొన్సో అనే ఇంకో డ్రైవర్ కారు గాల్లోకి లేచి చార్లెస్ కారు మీదుగా వెళ్లింది. హేలో మీద గీతలు పడ్డాయి, చార్లెస్ నడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఆ రోజు నుంచి నాకు ఆ కమ్మీ అందంగానే కనిపిస్తుంది.

మిగతాది మీకు తెలిసిందే. 2019లో ఫెరారీకి వచ్చాడు. సెప్టెంబరు 1న బెల్జియంలో ఫార్ములా వన్‌లో మొదటి విజయం. అంతకు ముందు రోజే అదే ట్రాక్ మీద ఫార్ములా 2 రేసులో, చిన్నప్పటి నుంచి తనతో కార్టులు నడిపిన ఆంత్వాన్ యుబెర్ ప్రాణాలు పోయాయి. చార్లెస్ ఆ గెలుపును అతనికే అంకితమిచ్చాడు. వారానికి ఇటలీలోని మోంజాలో గెలిచాడు, ఫెరారీ అక్కడ గెలవడం 2010 తర్వాత అదే. 2024 మేలో సొంత ఊరు మొనాకోలో గెలిచాడు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఫార్ములా వన్ నడపాలంటే సూపర్ లైసెన్స్ అనే ప్రత్యేక అనుమతి కావాలి. మామూలుగా 18 ఏళ్లు నిండాలి, మూడేళ్లలో కింది రేసుల్లో 40 పాయింట్లు తెచ్చుకోవాలి. ఫార్ములా 2 ఛాంపియన్ అయితే ఆ 40 ఒక్క ఏడాదిలోనే వస్తాయి. మన దేశం నుంచి నారాయణ్ కార్తికేయన్ 2005లో, కరుణ్ చంధోక్ 2010లో అక్కడి దాకా వెళ్లారు. ముంబయి కుర్రాడు జెహాన్ దారువాలా 2020లో ఫార్ములా 2 రేసు గెలిచాడు. బెంగళూరు కుర్రాడు కుష్ మైనీ 2025లో మొనాకోలో ఫార్ములా 2 స్ప్రింట్ గెలిచాడు. మనకు దగ్గర్లో చెన్నై పక్కన, కోయంబత్తూరులో మంచి ట్రాకులున్నాయి. ఫార్ములా 4 ఛాంపియన్‌షిప్ కూడా మన దేశంలో జరుగుతోంది. కానీ పై మెట్ల రేసులు ఎక్కువగా యూరప్‌లోనే ఉంటాయి, ఒక్కో సీజన్‌కు ఖర్చు కోట్లలో ఉంటుంది. మీ అమ్మానాన్నలు "చూద్దాంలే" అంటే వాళ్ల మీద అలగొద్దు, వాళ్లు లెక్క వేస్తున్నారు. ఒక్కో ఫార్ములా వన్ జట్టులో డ్రైవర్లు ఇద్దరే, ఇంజినీర్లు, మెకానిక్‌లు, టైర్ల లెక్కలు చూసేవాళ్లు వందల మంది. మీలో ఎవరికి ఆ ఇరుసు సంగతి చదువుతుంటే కళ్లు మెరిశాయో నాకు తెలియాలి.

సెలవుల్లో మీ నాన్నను అడిగి ఒక మంచి కార్టింగ్ ట్రాక్‌కు వెళ్లండి. హెల్మెట్ బిగించుకోండి, పొడుగు జుట్టు ఉంటే లోపలికి దోపుకోండి. మొదటి రోజు ఎవరినీ దాటాలని చూడొద్దు. ఏ మలుపులో బ్రేక్ ఎక్కడ వేశారో, ఎక్కడ వదిలారో ఇంటికొచ్చి కాగితం మీద గీసి నాకు పంపండి. బహ్రెయిన్ రేసు చూశాక అందులో చార్లెస్ ఎవరిని ఎక్కడ దాటాడో కూడా రాయండి.

మీ
తాతయ్య